మధుమేహ రోగులలో చక్కెర పడిపోవడం – శరీరంపై ధరించే సెన్సార్లతో ముందస్తు గుర్తింపు

(అనంతపురం కరువు సీమ ప్రజల అవగాహన కొరకు ప్రత్యేక వ్యాసం)

మధుమేహం అనగానే రక్తంలో చక్కెర పెరగడం ఒక్కటే ఎక్కువ మంది దృష్టికి వస్తుంది. అయితే ఇన్సులిన్ తీసుకుంటున్నవారికి, కొన్ని రకాల మాత్రలు వాడుతున్నవారికి చక్కెర పడిపోవడం అంతకంటె తక్షణమైన ప్రమాదం. పెరిగిన చక్కెర సాధారణంగా సంవత్సరాల తరబడి కళ్ళను, మూత్రపిండాలను, నరాలను దెబ్బతీస్తుంది. పడిపోయిన చక్కెర మాత్రం నిమిషాలలో మనిషిని స్పృహ తప్పించగలదు. దీనిని వైద్య పరిభాషలో హైపోగ్లైసీమియా అంటారు. మన ప్రాంత ప్రజలు ‘షుగర్ డౌన్ అయింది’, ‘లో షుగర్’ అని వ్యవహరిస్తారు.

భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో నిర్వహించి 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నది. ఇది వయోజన జనాభాలో 11.4 శాతం. ఒకప్పుడు పట్టణాలకు, సంపన్నులకు పరిమితమనుకున్న ఈ వ్యాధి నేడు మెట్ట పొలాలలో కూలి పనికి వెళ్ళే కుటుంబాలకు కూడా చేరింది. ఈ నేపథ్యంలో శరీరంపై ధరించే సెన్సార్లు చక్కెర పడిపోవడాన్ని ఏ విధంగా పసిగడతాయి, వాటిని ఎంతవరకు నమ్మవచ్చు, కరువు పీఠభూమి పరిస్థితులలో ఎవరికి అవి నిజంగా అవసరం అన్న విషయాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చక్కెర తగ్గినపుడు శరీరంలో జరిగేది

రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటె తగ్గితే దానిని జాగ్రత్త పడవలసిన మొదటి స్థాయిగా, 54 కంటె తగ్గితే ప్రమాదకరమైన రెండవ స్థాయిగా వైద్యులు పరిగణిస్తారు. అంకె ఎంత ఉన్నప్పటికీ, మరొకరి సహాయం లేకుండా కోలుకోలేని స్థితి ఏర్పడితే అది మూడవ స్థాయి, అనగా తీవ్రమైన హైపోగ్లైసీమియా.

మెదడు తనకు కావలసిన గ్లూకోజ్‌ను నిల్వ ఉంచుకోలేదు. రక్తం ద్వారా అది నిరంతరం అందుతూ ఉండవలసిందే. సరఫరా తగ్గినపుడు శరీరం మొదట గ్లూకగాన్, అడ్రినలిన్ అనే హార్మోన్లను విడుదల చేస్తుంది. కాలేయంలో దాచి ఉన్న చక్కెరను ఇవి బయటకు తెస్తాయి. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, విపరీతమైన ఆకలి అడ్రినలిన్ తదితర రక్షణ చర్యల ఫలితాలే. ఈ దశలో ఏదైనా తీపి తీసుకుంటే ప్రమాదం అక్కడితో తప్పుతుంది. లేనియెడల మెదడు పనితీరు మందగిస్తుంది. మాట తడబడడం, చూపు మసకబారడం, చిరాకు, అయోమయం, నడకలో తూలడం కనిపిస్తాయి. ఆపై మూర్ఛ, అపస్మారక స్థితి, అరుదుగా మరణం సంభవించవచ్చు.

కరువు సీమలో ప్రత్యేకమైన ప్రమాదం

పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకొనడం వలన అనంతపురం పీఠభూమి వర్షచ్ఛాయా ప్రాంతంగా మిగిలింది. సంవత్సర సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. దేశంలో అతి తక్కువ వర్షం పొందే ప్రాంతాలలో ఇది ఒకటి. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఇక్కడ సర్వసాధారణం. వర్షాధారపు వేరుశనగ సాగు, పంట పోయినపుడు కూలి పనులు, వలసలు ఈ ప్రాంత ప్రజల జీవన విధానంలో భాగమైనవి. దేశవ్యాప్త గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2వ తేదీన ఈ జిల్లాలోని బండ్లపల్లిలోనే ప్రారంభమైనది.

ఈ పరిస్థితులు చక్కెర పడిపోయే ప్రమాదాన్ని మూడు విధాలుగా పెంచుతున్నవి.

మొదటిది, కాయకష్టానికీ భోజన వేళలకూ పొంతన లేకపోవడం. తెల్లవారుజామున ఇన్సులిన్ లేదా మాత్ర తీసుకొని, సంగటి తినకుండానే పొలానికి వెళ్ళి, మధ్యాహ్నం వరకు కలుపు తీయడమో మట్టి మోయడమో చేసేవారిలో ఒకవైపు మందు చక్కెరను తగ్గిస్తుండగా, మరొకవైపు కండరాలు దానిని ఖర్చు చేస్తుంటాయి. అలసిన కండరాలు తాము కోల్పోయిన నిల్వలను రాత్రి వేళ తిరిగి నింపుకుంటాయి. కనుక పగటి కష్టం ఫలితంగా నిద్రలో చక్కెర పడిపోవడం కూడా సంభవిస్తుంది.

రెండవది, ఎండ. వేడికి చర్మంలో రక్తప్రసరణ పెరిగి, సూదితో వేసిన ఇన్సులిన్ సాధారణం కంటె వేగంగా రక్తంలో కలుస్తుంది. మరొకవైపు ఎండ తగిలిన సీసాలోని ఇన్సులిన్ శక్తి కోల్పోతుంది. అది పనిచేయడం లేదని మోతాదు పెంచుకున్న వ్యక్తి కొత్త సీసా తెరిచి అదే మోతాదు వేసుకుంటే చక్కెర ఒక్కసారిగా పడిపోయే అవకాశం ఉన్నది.

మూడవది, లక్షణాలను పొరబడడం. చెమట, నీరసం, కళ్ళు తిరగడం, తూలడం వడదెబ్బకూ, చక్కెర పడిపోవడానికీ ఉమ్మడి లక్షణాలు. పొలంలో పడిపోయిన మధుమేహ రోగిని నీడకు చేర్చి నీళ్ళు, మజ్జిగ ఇచ్చి ఊరుకుంటే విలువైన సమయం వృథా అవుతుంది. మజ్జిగలో సరిపడినంత చక్కెర ఉండదు. ఓఆర్ఎస్ ద్రావణం కూడా ఇందుకు చాలదు. ప్రామాణిక ప్యాకెట్టులో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజ్ మాత్రమే ఉంటుంది. ఒక గ్లాసు తాగితే అందేది మూడు గ్రాముల లోపే. అదే విధంగా సాయంత్రం వేళ మాట తడబడుతూ తూలుతున్న వ్యక్తిని తాగి ఉన్నాడని భావించి వదిలివేయడం మరింత ప్రమాదకరం. నిజంగా మద్యం సేవించి ఉన్నా ముప్పు తొలగినట్లు కాదు. కాలేయం కొత్తగా గ్లూకోజ్‌ను తయారు చేయకుండా మద్యం అడ్డుకుంటుంది.

పోషకాహార లోపం మరొక కోణం. ఊబకాయంతో కాక, చిన్ననాటి నుండి సరైన పోషణ లేకపోవడంతో ముడిపడిన మధుమేహాన్ని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2025 ఏప్రిల్‌లో ‘టైప్ 5’గా గుర్తించింది. వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2022లో ప్రచురించిన అధ్యయనం ఈ గుర్తింపునకు బలమైన ఆధారాలలో ఒకటి. ఇటువంటి బక్కపలుచని రోగులకు ఇతరులకు ఇచ్చినంత ఇన్సులిన్ ఇస్తే, పైగా రోజూ కడుపు నిండా తిండి దొరకని ఇళ్ళలో, చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చునని నిపుణులు హెచ్చరిస్తున్నారు. కరువు ప్రాంతాలు ప్రత్యేకంగా గమనించవలసిన విషయమిది.

ఏ మందులతో జాగ్రత్త అవసరం

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో చక్కెర పడిపోవడం అరుదు. ఇన్సులిన్, మరియు సల్ఫనైల్ యూరియా తరగతికి చెందిన గ్లిమిపిరైడ్, గ్లైక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వాడేవారిలో ప్రమాదం ఎక్కువ. ధర తక్కువ కావడం వలన ఈ మాత్రల వాడకం మన దేశంలో విస్తృతంగా ఉన్నది. వృద్ధులలో, మూత్రపిండాల పనితీరు తగ్గినవారిలో వీటి ప్రభావం శరీరంలో ఎక్కువసేపు నిలిచి ఉంటుంది.

సిరంజి పొరపాటు మరొక కారణం. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల శక్తితోనూ, పెన్నులలోని ఇన్సులిన్ సాధారణంగా 100 యూనిట్ల శక్తితోనూ లభిస్తాయి. ఎర్ర మూత కలిగిన 40 యూనిట్ల సిరంజితో 100 యూనిట్ల ఇన్సులిన్ తీసుకుంటే అనుకున్న మోతాదుకు రెండున్నర రెట్లు శరీరంలోకి వెళుతుంది. సీసాపై ఉన్న అంకె, సిరంజిపై ఉన్న అంకె ఒకటేనా అని ప్రతిసారీ సరిచూసుకోవాలి.

హెచ్చరిక లేకుండా వచ్చే ముప్పు

తరచుగా చక్కెర పడిపోయేవారిలో శరీరం క్రమంగా ఆ స్థితికి అలవాటు పడుతుంది. అడ్రినలిన్ స్పందన మందగించి చెమట, దడ, వణుకు వంటి హెచ్చరికలు కనిపించవు. చూస్తుండగానే అయోమయం, ఆ వెంటనే అపస్మారక స్థితి ఏర్పడతాయి. చాలా ఏళ్ళుగా మధుమేహం ఉన్నవారిలో, ముఖ్యంగా టైప్ 1 రోగులలో ఇది ఎక్కువ. రక్తపోటుకు, గుండె జబ్బుకు వాడే బీటా బ్లాకర్ మందులు కూడా దడ, వణుకు లక్షణాలను కప్పివేస్తాయి. నిద్రలో ఉన్నవారికి హెచ్చరిక తెలియకపోవడం సహజమే.

వేలి కొన నుండి రక్తపు చుక్క తీసి గ్లూకోమీటరుతో చేసే పరీక్ష ఆ క్షణపు విలువను మాత్రమే తెలుపుతుంది. ఉదయం 120, రాత్రి 140 చూపిన వ్యక్తికి తెల్లవారుజామున మూడు గంటలకు 50 ఉండి ఉండవచ్చు. రెండు పరీక్షల నడుమ జరిగేదానిని చూపడమే ధరించే సెన్సార్ల ప్రధాన ప్రయోజనం.

సెన్సార్ పనిచేసే విధానం

నిరంతర గ్లూకోజ్ పర్యవేక్షణ పరికరం, అనగా సీజీఎం, నాణెం కంటె కొంత పెద్దదైన బిళ్ళ వంటిది. దండ చేయి వెనుక భాగంలోనో పొట్టపైనో దీనిని అతికిస్తారు. దాని అడుగున ఉండే అతి సన్నని తీగ చర్మం కింద కొన్ని మిల్లీమీటర్ల లోతున నిలుస్తుంది. నొప్పి నామమాత్రం.

ఆ తీగపై గ్లూకోజ్ ఆక్సిడేజ్ వంటి ఎంజైము పూత ఉంటుంది. కణాల నడుమ ఉండే ద్రవంలోని గ్లూకోజ్ ఎంజైముతో చర్య జరిపినపుడు స్వల్పమైన విద్యుత్ ప్రవాహం పుడుతుంది. గ్లూకోజ్ ఎక్కువైతే విద్యుత్ ఎక్కువ, తగ్గితే తక్కువ. పరికరం ఈ ప్రవాహాన్ని అంకెగా మార్చి మొబైల్ ఫోన్‌కు గాని ప్రత్యేక రీడరుకు గాని కొద్ది నిమిషాలకొకసారి పంపుతుంది. ఎంజైముతో గ్లూకోజ్‌ను కొలవవచ్చునన్న ఆలోచనను అమెరికా శాస్త్రవేత్త లీలాండ్ క్లార్క్ 1962లో వెల్లడించారు. నేటి గ్లూకోమీటర్లు, సెన్సార్లు ఆ సూత్రం నుండి ఎదిగినవే.

అంకెతో పాటు బాణం గుర్తును గమనించడం అత్యంత ముఖ్యం. 75 వద్ద నిలకడగా ఉన్న వ్యక్తి కంటె 90 వద్ద ఉండి బాణం నిటారుగా కిందికి చూపుతున్న వ్యక్తికే తక్షణ ప్రమాదం ఎక్కువ. కొన్ని నమూనాలు చక్కెర నిర్ణీత హద్దు కంటె తగ్గగానే శబ్దంతో హెచ్చరిస్తాయి. మరికొన్ని కొంతసేపట్లో తగ్గబోతున్నదని కూడా తెలుపుతాయి.

పావు శతాబ్దపు అనుభవం

వైద్యుల పర్యవేక్షణలో వాడే మొదటి నిరంతర గ్లూకోజ్ పరికరానికి 1999లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది. 2001లో ‘గ్లూకోవాచ్’ అనే చేతి గడియారం వచ్చింది. అది సూది లేకుండా, స్వల్ప విద్యుత్తుతో చర్మం గుండా ద్రవాన్ని పైకి లాగి కొలిచేది. చర్మం ఎర్రబారి మంట పుట్టడం దాని మొదటి లోపం. రెండవ లోపం మరింత గమనార్హం. చెమట పడితే అది కొలతను వదిలివేసేది. చక్కెర పడిపోయినపుడు కనిపించే ముఖ్య లక్షణమే చెమట అయినందున, అవసరమైన వేళకే పరికరం మూగబోయే స్థితి ఏర్పడింది. కొద్ది సంవత్సరాలకే అది మార్కెట్టు నుండి తప్పుకున్నది. ధరించే ఏ పరికరమైనా రోగి నిజ జీవన పరిస్థితులలో పనిచేసినపుడే ఉపయోగకరమన్న పాఠం ఇందులో ఉన్నది.

ఆ తరువాత చర్మం కింద తీగ ఉండే పరికరాలు మెరుగుపడుతూ వచ్చాయి. 2014లో యూరప్‌లో వచ్చిన ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సార్ వేలి రక్తంతో సరిచూసే అవసరం లేకుండా 14 రోజులు పనిచేసింది. వైద్యులు వాడే దాని ‘ప్రో’ నమూనా 2015లోనూ, రోగులు స్వయంగా వాడే నమూనా 2020లోనూ మన దేశంలో లభ్యమయ్యాయి.

పరిశోధనల ఫలితాలు

చక్కెరను గట్టిగా అదుపు చేయడం వలన కళ్ళు, మూత్రపిండాలు, నరాలకు మేలు జరుగుతుందని 1993లో వెలువడిన అమెరికా, కెనడా దేశాల బృహత్ అధ్యయనం నిరూపించింది. అయితే ఆ అధ్యయనంలోనే గట్టి అదుపు పాటించినవారిలో తీవ్రమైన హైపోగ్లైసీమియా సుమారు మూడు రెట్లు అధికమైనది. అదుపు కావాలి, పడిపోకూడదు అన్న ఈ చిక్కుముడికి సెన్సార్లు కొంత పరిష్కారం చూపినవి.

2016లో లాన్సెట్ పత్రికలో ప్రచురితమైన ఇంపాక్ట్ అధ్యయనంలో, చక్కెర బాగా అదుపులో ఉన్న టైప్ 1 రోగులు సెన్సార్ వాడినపుడు తక్కువ చక్కెరలో గడిపిన సమయం 38 శాతం తగ్గింది. హెచ్చరిక లక్షణాలు కోల్పోయినవారిపై, తీవ్రమైన హైపోగ్లైసీమియా చవిచూసినవారిపై జర్మనీలో జరిపి 2018లో ప్రచురించిన పరిశోధనలో అటువంటి సంఘటనలు 28 రోజులకు 10.8 నుండి 3.5కు తగ్గినవి. 60 ఏళ్ళు దాటిన టైప్ 1 రోగులపై 2020లో వెలువడిన అమెరికా అధ్యయనంలో తక్కువ చక్కెరలో గడిపిన సమయం రోజుకు 73 నిమిషాల నుండి 39 నిమిషాలకు దిగింది. ఇవి ప్రధానంగా ఇన్సులిన్ వాడేవారికి సంబంధించిన ఫలితాలన్నది గుర్తుంచుకోవాలి.

రోజు మొత్తంలో 70 కంటె తక్కువగా గడిచే సమయం 4 శాతానికి, అనగా సుమారు ఒక గంటకు మించరాదని 2019 నాటి అంతర్జాతీయ ఏకాభిప్రాయ పత్రం సూచించింది. వృద్ధులకు, ప్రమాదం ఎక్కువ ఉన్నవారికి ఈ హద్దు 1 శాతమే, అంటే సుమారు 15 నిమిషాలు.

గడియారాలు, ఉంగరాల విషయంలో జాగ్రత్త

సూది లేకుండా, చర్మాన్ని గుచ్చకుండా చక్కెరను కొలుస్తామని ప్రకటనలిచ్చే గడియారాలు, ఉంగరాలు ఇంటర్నెట్ అంగళ్ళలో తక్కువ ధరకు అమ్ముడవుతున్నవి. అటువంటి స్మార్ట్ వాచీలను, ఉంగరాలను తాము ఒక్కదానిని కూడా అనుమతించలేదని, వాటిపై ఆధారపడి మందు మోతాదు మార్చుకోవడం ప్రమాదకరమని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించింది. చర్మం కింద తీగ ఉన్న సెన్సార్ నుండి అంకెను గ్రహించి గడియారం తెరపై చూపడం వేరు, గడియారమే స్వయంగా కొలవడం వేరు. కొనేముందు ఈ తేడా అడిగి తెలుసుకోవాలి.

గుండె కొట్టుకునే తీరు, చర్మపు తేమ, చేతి కదలికలను బట్టి చక్కెర పడిపోవడాన్ని కంప్యూటర్ విశ్లేషణతో ఊహించే పరిశోధనలు మాత్రం నిజంగానే జరుగుతున్నవి. బ్రిటన్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయ బృందం 2020లో గుండె విద్యుత్ సంకేతాలతోనూ, స్విట్జర్లాండ్ పరిశోధకులు 2023లో స్మార్ట్ వాచీ సమాచారంతోనూ ఆశాజనకమైన ఫలితాలు ప్రకటించారు. ఇవి కొద్దిమందిపై జరిగిన తొలి దశ ప్రయత్నాలు. మండుటెండలో గడ్డపార పట్టిన మనిషికి గుండె వేగం, చెమట సహజంగానే పెరుగుతాయి. దానిని చక్కెర తగ్గుదల నుండి వేరు చేయగలిగినపుడే ఈ పద్ధతి ఇక్కడి శ్రమజీవులకు అక్కరకు వస్తుంది.

ఎండ, చెమట, పరిమితులు

సెన్సార్ కొలిచేది రక్తం కాదు, కణాల నడుమ ద్రవం. అందుచేత అసలు విలువ కంటె సుమారు 5 నుండి 10 నిమిషాలు వెనుకబడి ఉంటుంది. చక్కెర వేగంగా పడిపోతున్నపుడు ఈ తేడా పెరుగుతుంది. తీపి తీసుకున్న తరువాత కూడా కొంతసేపు సెన్సార్ తక్కువే చూపుతుంది. కంగారుపడి మళ్ళీ మళ్ళీ తినకుండా గ్లూకోమీటరుతో సరిచూసుకోవాలి. శరీరం చెప్పేదానికీ పరికరం చూపే అంకెకూ పొంతన లేనపుడు వేలి రక్త పరీక్షయే ప్రమాణం.

సెన్సార్ ఉన్న చేయి కింద పడేటట్లు నిద్రపోతే ఆ ఒత్తిడికి లేని తగ్గుదల చూపే అవకాశం ఉన్నది. అమర్చిన మొదటి రోజు కొలతలలో తేడా ఎక్కువగా ఉండవచ్చు. అధిక మోతాదులో విటమిన్ సి మాత్రలు వాడితే కొన్ని సెన్సార్లు ఉన్నదాని కంటె ఎక్కువ చక్కెరను చూపుతాయి. అసలు తగ్గుదల అలా మరుగున పడవచ్చు. కనుక వాడుతున్న మందులన్నింటినీ వైద్యునికి తెలపాలి.

చెమటకు, దుమ్ముకు సెన్సార్ ఊడిపోవడం ఈ ప్రాంతంలో తరచుగా ఎదురయ్యే ఇబ్బంది. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరిన, నూనె రాయని చర్మంపై అమర్చి, అవసరమైతే పైన అదనపు టేపు వేయించుకోవాలి. అమర్చని సెన్సార్లను, గ్లూకోమీటర్ స్ట్రిప్పులను రేకుల ఇంటిలోనూ, ఎండలో నిలిపిన వాహనంలోనూ ఉంచరాదు. అనేక గ్లూకోమీటర్లు 40 డిగ్రీలు దాటిన వేడిలో సరిగా పనిచేయవు. ఇన్సులిన్‌కు ఫ్రిజ్ లేనివారు తడి ఇసుకలో నిలిపిన మట్టి కుండలో, సీసాకు నీరు తగలకుండా భద్రపరచుకోవడం ఉపయోగకరం.

ఎవరికి అవసరం

సెన్సార్ వెల వేల రూపాయలలో ఉండి, రెండు వారాలకే మార్చవలసి రావడం సామాన్య కుటుంబానికి పెనుభారం. కనుక మధుమేహం ఉన్న ప్రతి ఒక్కరూ దీనిని కొనవలసిన అవసరం లేదు. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలు, పెద్దలు, రోజుకు పలుమార్లు ఇన్సులిన్ తీసుకునేవారు, హెచ్చరిక లక్షణాలు కోల్పోయినవారు, ఒకసారైనా స్పృహ తప్పినవారు, ఒంటరిగా నివసిస్తూ ఇన్సులిన్ వాడే వృద్ధులు మొదటి వరుసలో ఉంటారు. రాత్రి వేళ పడిపోయేవారికి హెచ్చరిక శబ్దం ఉన్న నమూనాయే ప్రయోజనకరం.

నిరంతరం వాడే స్తోమత లేనివారు వైద్యుని సలహాతో ఒక్కసారి 14 రోజులపాటు సెన్సార్ పెట్టించుకొని, చక్కెర ఏ వేళలో పడిపోతున్నదో తెలుసుకోవచ్చు. ఆ రెండు వారాలలో పొలం పనికి వెళ్ళిన రోజులు, భోజన వేళలు, మందు వేళలు ఒక కాగితంపై వ్రాసి ఉంచుకుంటే మోతాదు సవరించడానికి వైద్యునికి అది ఎంతో ఉపకరిస్తుంది. చాలా సందర్భాలలో రాత్రి మాత్రను తగ్గించడమో, వేరొక మందుకు మార్చడమో చేస్తే ముప్పు తప్పుతుంది. సెన్సార్ అసలే అందుబాటులో లేనివారు ఉదయం లేవగానే, పనికి బయలుదేరే ముందు, పడుకునే ముందు, వారానికి ఒకటి రెండు రోజులు తెల్లవారుజామున మూడు గంటలకు గ్లూకోమీటరుతో చూసుకొనడం తదుపరి ఉత్తమ మార్గం.

కొన్ని పరికరాల సమాచారాన్ని దూరాన ఉన్న కుటుంబ సభ్యులు తమ ఫోన్‌లో చూడవచ్చు. పల్లెలో ఉన్న తల్లి చక్కెర తగ్గిందని బెంగళూరుకు వలస వెళ్ళిన కుమారునికి తెలుస్తుంది. అయితే ఆమె నోటికి చక్కెర అందించవలసినది పొరుగింటివారే. కాబట్టి సెన్సార్ పెట్టించిన కుటుంబం పొరుగున ఒకరికి ఏమి చేయాలో నేర్పి, వారి ఫోన్ నంబరు దగ్గర ఉంచుకోవడం తప్పనిసరి.

తక్షణం చేయవలసినది

రోగి స్పృహలో ఉండి మింగగలిగిన స్థితిలో ఉంటే 15 గ్రాముల చక్కెర ఇవ్వాలి. మూడు టీ స్పూన్ల గ్లూకోజ్ పొడి లేదా పంచదార నీటిలో కలిపి తాగించవచ్చు. అర గ్లాసు పండ్ల రసం లేదా తీపి కూల్ డ్రింకు కూడా పనికివస్తుంది. 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించి, 70 కంటె తక్కువ ఉంటే అదే మోతాదు తిరిగి ఇవ్వాలి. కోలుకున్న వెంటనే సంగటి, రొట్టె లేదా అన్నం తినిపించాలి.

జేబులో ఉన్నది కదా అని వేరుశనగ పప్పుచెక్కను మొదటి చికిత్సగా వాడరాదు. అందులోని నూనె వలన చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. వోగ్లిబోస్, అకార్బోస్ కలిసిన మాత్రలు వాడేవారికి పంచదార కంటె గ్లూకోజ్ పొడియే ఇవ్వాలి. పంచదారను పేగులలో విడగొట్టే చర్యను ఈ మందులు నెమ్మదింపజేస్తాయి. పరీక్షించే సాధనం లేకపోయినా, మధుమేహ రోగిలో అనుమానం కలిగితే తీపి ఇవ్వడమే మేలు. ఆ కొద్దిపాటి చక్కెరతో కలిగే నష్టం స్వల్పం, ఆలస్యంతో కలిగే నష్టం అపారం.

స్పృహ లేని వ్యక్తి నోటిలో ఏదీ పోయరాదు. అది ఊపిరితిత్తులలోకి వెళ్ళే ప్రమాదమున్నది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి. గ్లూకగాన్ ఇంజక్షన్ ఇంటిలో ఉండి, వాడడం తెలిసినవారు ఉంటే ఇవ్వవచ్చు. 2005 ఆగస్టు 15న రాష్ట్రంలో ప్రారంభమైన 108 సేవలు ఇటువంటి అత్యవసర వేళల కొరకే ఉద్దేశించినవి. మాత్రల వలన చక్కెర పడిపోయిన వ్యక్తి గ్లూకోజ్ ఎక్కించగానే లేచి కూర్చున్నా ఇంటికి తీసుకువెళ్ళరాదు. మాత్ర ప్రభావం మిగిలి ఉండి ఒకటి రెండు రోజుల వరకు మళ్ళీ పడిపోవచ్చు. ఆసుపత్రిలో పర్యవేక్షణ అవసరం.

ఉపవాసాలు, ప్రయాణాలు

ఏకాదశి, శివరాత్రి ఉపవాసాలకు, రంజాన్ దీక్షకు ముందుగానే వైద్యుని సంప్రదించి మోతాదు మార్పించుకోవాలి. దీక్షలో ఉండగా చక్కెర 70 కంటె తగ్గితే ఉపవాసం విరమించాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టం చేస్తున్నవి. ఇన్సులిన్ వాడే లారీ, ఆటో, బస్సు డ్రైవర్లు స్టీరింగు పట్టే ముందు చక్కెర చూసుకోవాలి. అనుమానం కలిగితే వాహనాన్ని పక్కకు నిలిపి తీపి తీసుకోవాలి. పూర్తిగా కోలుకునే వరకు బయలుదేరరాదు.

ఉపాధి పనుల వద్ద మేస్త్రీలు, పాఠశాలల ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు తమ పరిధిలో ఇన్సులిన్ లేదా చక్కెర మాత్రలు వాడేవారెవరో తెలుసుకొని ఉండడం, పని స్థలంలోని ప్రథమ చికిత్స పెట్టెలో, వేసవి చలివేంద్రంలో ఒక గ్లూకోజ్ ప్యాకెట్టు ఉంచడం ఖర్చు లేని గొప్ప రక్షణ. వడదెబ్బ తగిలిందని భావించిన ప్రతి మధుమేహ రోగికీ ఒకసారి చక్కెర పరీక్ష చేయించాలి.

సెన్సార్ ముందుగా హెచ్చరించగలదు గాని చికిత్స చేయలేదు. హెచ్చరిక విన్న మనిషి చేతికి అందేటంత దూరంలో గుప్పెడు చక్కెర, దానిని ఎప్పుడు ఇవ్వాలో తెలిసిన మరొక మనిషి ఉండాలి. ఇన్సులిన్, చక్కెర మాత్రలు వాడుతున్నవారు తాము ఎన్నిసార్లు ఈ లక్షణాలకు లోనైనదీ దాచకుండా సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి తెలియజేయాలని, వైద్య సలహా లేకుండా మందులు మానడం గాని మోతాదు మార్చడం గాని చేయరాదని ప్రజలకు విజ్ఞప్తి.